పిల్లల ఫిల్మ్ కాదు, వాలిదైన్ చూడాల్సిన ఫిల్మ్

‘ద లాస్ట్ పిక్చర్ షో’ గురించి ఎవరు రాసినా రెండే మాటలు రాస్తారు. జవానీలోకి అడుగు పెడుతున్న కుర్రాళ్ళ కథ అని ఒకటి. మూతబడిపోయిన సినిమా హాలుకి ఆఖరి సలాం అని ఇంకొకటి. రెండూ గలత్ కాదు, కానీ రెండూ అధూరా మాటలే. నా రాయ్ వేరే. ఇది పిల్లల ఫిల్మ్ లాగా కనబడే పెద్దవాళ్ళ ఫిల్మ్. పద్దెనిమిదేళ్ళ వాళ్ళని తెర మీద నిలబెట్టి, వీళ్ళ వెనకాల ఉండాల్సిన వాళ్ళు ఎక్కడికి పోయారు అని అడిగే ఫిల్మ్. అందుకే ఎదుగుతున్న పిల్లలున్న అమ్మీ అబ్బాలు దీన్ని తప్పకుండా చూడాలంటాను. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని కాదు, వాళ్ళు నిద్రపోయాక.

ఆ ఆఖరి మాట ముందే చెప్పడానికి కారణం ఉంది. మా బహనోయీకి ఈ ఫిల్మ్ చూడమని చెప్తే పావుగంట చూసి ఫోన్ చేశాడు. “భాయ్‌జాన్, ఇదేం ఫిల్మ్? ఇంట్లోవాళ్ళ ముందు పెట్టేదేనా ఇది?” అన్నాడు. కాదు మియా, ఇంట్లోవాళ్ళ ముందు పెట్టమని నేను చెప్పలేదు, నువ్వు చూడమన్నాను అన్నాను. ఆయన సవాల్ మాత్రం వాజిబే. ఈ ఫిల్మ్‌లో బట్టల్లేని సీన్లు ఉన్నాయి, మాటలు కూడా సాఫ్‌గా ఉండవు. అమెరికాలోనే 1973లో అరిజోనా రాష్ట్రం ఫీనిక్స్ నగరంలో ఇది అశ్లీలమని అధికారులు అడ్డుకున్నారు. ఆఖరికి ఫెడరల్ కోర్టు అశ్లీలం కాదని తేల్చింది. కోర్టు ఏం తేల్చినా మన ఇళ్ళల్లో మన హయా మనది, దాని మీద నాకు బహస్ లేదు. నేను చెప్పేది ఒక్కటే. ఈ ఫిల్మ్‌లో బేహయాయీ ఉంది గానీ అందులో మజా లేదు. ఆ పనులు చేసేవాళ్ళ మొహాలు చూడండి. ఒక్కరి మొహంలోనూ ఖుషీ కనబడదు. చలికి వణుకుతున్నవాళ్ళు ఆరిపోయిన పొయ్యి దగ్గర చేతులు చాచినట్టు ఉంటుంది. చేయడానికి ఇంకేమీ లేని ఊళ్ళో, మాట్లాడడానికి ఇంకెవరూ లేని పిల్లలు చేసే పనులవి. గుణాహ్‌ని చాటున పెట్టి అందంగా చూపించే ఫిల్ములు ఇంట్లో టీవీలో రోజూ నడుస్తుంటే మనం చాయ్ తాగుతూ చూస్తాం. ఇది దాని ఉల్టా.

కిస్సా తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. డైరెక్టర్ పీటర్ బోగ్డనోవిచ్. 1971లో వచ్చింది. ల్యారీ మెక్‌మర్ట్రీ 1966లో రాసిన నావెల్ దీనికి ఆధారం, స్క్రీన్‌ప్లే ఇద్దరూ కలిసి రాశారు. టెక్సాస్‌లో అనరీన్ అనే కస్బా. కాలం 1951 చివర్నుంచి 1952 చివరి దాకా, అటు కొరియాలో జంగ్ నడుస్తూ ఉంది. ఒకటే రోడ్డు, రోడ్డు మీద ఎప్పుడూ గాలి, గాలిలో దుమ్ము. చుట్టుపక్కల పెట్రోలు బావులున్నాయి, వాటితో బాగుపడినవాళ్ళు కొందరున్నారు, కానీ ఊళ్ళో రౌనఖ్ మాత్రం లేదు. రంగుల సినిమాలు మామూలైపోయిన రోజుల్లో దీన్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. ఆ సలహా ఇచ్చింది ఆర్సన్ వెల్స్ అంటారు. సినిమా కోసం కట్టిన సంగీతం కూడా లేదు. రేడియోలో, జ్యూక్‌బాక్సులో మోగే హ్యాంక్ విలియమ్స్ లాంటి వాళ్ళ పాటలే. ఎవరన్నా రేడియో ఆపేస్తే ఇక గాలి చప్పుడే.

కుర్రాళ్ళు ఇద్దరు, సన్నీ, డ్వేన్. ఒకడు తిమోతి బాటమ్స్, ఇంకొకడు జెఫ్ బ్రిడ్జెస్. ఊళ్ళో డబ్బున్న ఇంటి పిల్ల జేసీ, ఆ వేషం సిబిల్ షెపర్డ్ వేసింది. ముగ్గురూ స్కూలు చివరి ఏడాదిలో ఉన్నారు.

మొదటి పది నిమిషాల్లోనే డైరెక్టర్ అసలు మాట చెప్పేస్తాడు, చాలామంది పట్టించుకోరు. పొద్దున్నే సన్నీ రోడ్డు మీదకి వస్తాడు. ముందు రోజు రాత్రి స్కూలు టీము ఫుట్‌బాల్ మ్యాచ్ ఓడిపోయింది. కనబడిన ప్రతి పెద్దమనిషీ వాడిని ఒకే మాటతో పొడుస్తాడు, మీకు ఆట రాదు, అవతలివాడిని పట్టుకోవడం రాదు అని. మజాక్ లాగానే అంటారు. కానీ ఆ ఊరి మగవాళ్ళకి మగపిల్లలతో మాట్లాడడానికి ఆ ఒక్క మౌజూ తప్ప ఇంకేమీ లేదు. ఎలా ఉన్నావు, అన్నం తిన్నావా, పై చదువు సంగతి ఏంటి, ఎవరూ అడగరు. గెలిచావా, ఓడావా, అంతే. మన దగ్గర ఫుట్‌బాల్ బదులు మార్కులు పెట్టుకోండి. ఇంటికొచ్చిన మామూ అయినా ఖాలూ అయినా పిల్లవాడిని చూడగానే అడిగే మొదటి సవాల్ ఏమిటో ఒకసారి యాద్ చేసుకోండి.

ఇక ఆ పిల్లల వాలిదైన్ సంగతి. సన్నీకి అబ్బా ఉన్నాడు, అదే ఊళ్ళో ఉన్నాడు, కానీ కొడుకు అద్దె గదిలో ఉంటాడు. క్రిస్మస్ డాన్సు దగ్గర తండ్రీకొడుకులు ఎదురుపడతారు. రైలు స్టేషన్లో ముఖపరిచయం ఉన్న ఇద్దరు ప్యాసింజర్లలాగా రెండు ముక్కలు మాట్లాడుకుని తప్పుకుంటారు. ఆ సీను నిమిషం కూడా ఉండదు. నాకు మాత్రం ఫిల్మ్ మొత్తంలో అంత భారంగా అనిపించిన చోట్లు తక్కువ. ఇద్దరి మధ్యా కొట్లాట ఏమీ లేదు, నఫ్రత్ లేదు. చెప్పుకోవడానికి మాట లేదు.

జేసీ ఇంట్లో అలా కాదు, మాటలు బోలెడు. తల్లి లోయిస్ (ఎలెన్ బర్స్టిన్) తెలివైన మనిషి, జిందగీ చేతిలో ఓడిపోయిన మనిషి. డ్వేన్ గరీబు, వాడిని చేసుకోవద్దు, ఈ ఊళ్ళో ఉంటే నీ బతుకూ నాలాగే వీరాన్ అయిపోతుందని కూతురికి చెప్తుంది. అంతవరకు ఏ తల్లి అయినా చెప్పేదే. కానీ అక్కడ ఆగదు. వాడితో ఒకసారి పడుకుని చూడు, అందులో జాదూ ఏమీ లేదని నీకే తెలుస్తుంది అని నసీహత్ ఇస్తుంది. చెప్పేది నిజమే అయినా అది తర్బియత్ కాదు. తన నిరాశని కూతురి చేతిలో పెట్టడం. జేసీ ఆ తర్వాత చేసే ప్రతి పనికీ విత్తనం అక్కడే పడింది. మగపిల్లల దిల్ తోడుకుని పారేయడం, పేరు కోసం వెంపర్లాట, అన్నీ. ఆ అమ్మాయిని బద్‌నామ్ చేసి వదిలేసే విమర్శకుల్ని చాలామందిని చదివాను. నాకు ఆమె మీద కోపం రాదు. ఏది విలువైనదో చూపించేవాళ్ళు లేని ఇంట్లో, విలువ మొత్తం చూసేవాళ్ళ కళ్ళల్లోనే ఉందనుకుంది.

స్కూల్లో ఒక ఉస్తాద్ ఉన్నాడు, పిల్లలకి కీట్స్ కవిత్వం చదివి వినిపిస్తాడు. ఒక్కడి చెవికీ ఎక్కదు. ఇంకొకాయన ఫుట్‌బాల్ కోచ్. తన బేగమ్‌ని ఆస్పత్రికి తీసుకెళ్ళే పని తను చేయకుండా సన్నీకి అప్పజెప్తాడు, బదులుగా క్లాసు ఎగ్గొట్టడానికి ఇజాజత్. ఆ తన్హా ఔరత్ రూత్‌కీ, తన కొడుకు వయసున్న కుర్రాడికీ మధ్య నాజాయజ్ రిష్తా అలా మొదలవుతుంది. పెద్దవాడు తన జిమ్మేదారీ పక్కన పడేస్తే అది పిల్లవాడి భుజం మీద ఏ రూపంలో పడుతుందో డైరెక్టర్ ఒక్క ముక్క ఉపదేశం లేకుండా చూపించాడు.

వీళ్ళందరి మధ్యలో ఒకాయన ఉంటాడు. సామ్ ద లయన్. బెన్ జాన్సన్ వేశాడు. ఊళ్ళో పూల్ హాలు, కేఫ్, సినిమా హాలు, మూడూ ఆయనవే. మూడూ లాభాల దుకాణాలు కావు, చూస్తేనే తెలుస్తుంది. కానీ ఆ మూడు గదుల్లో దీపం వెలుగుతుంటే ఊళ్ళో పిల్లలకి వెళ్ళడానికి ఒక జగా ఉంటుంది. అక్కడ వాళ్ళని పేరు పెట్టి పిలిచే మనిషి ఉంటాడు. బిల్లీ అని మాట రాని, అమాయకుడైన ఒక కుర్రాడు ఉంటాడు. ఎవరూ లేని బిల్లీని సామ్ చూసుకుంటాడు. బిల్లీ చేతిలో ఎప్పుడూ చీపురు. దుమ్ము ఆగని ఆ రోడ్డుని వాడు రోజూ ఊడుస్తూనే ఉంటాడు. (ఆ వేషం వేసింది తిమోతి బాటమ్స్ సొంత తమ్ముడు సామ్ బాటమ్స్.)

ఒక రాత్రి కుర్రాళ్ళకి ఏమీ తోచక, బిల్లీని తీసుకెళ్ళి డబ్బిచ్చి ఒక ఆడమనిషి దగ్గరికి పంపుతారు. తమాషా చూద్దామని. ఆమె చిరాకుతో వాడిని కొడుతుంది, ముక్కులోంచి రక్తం. సన్నీ ఆ గుంపులో ఉన్నాడు. తను చేయలేదు, కానీ ఆపలేదు. సామ్ వచ్చి చూస్తాడు. ఆయన అరవడు, చెయ్యి ఎత్తడు. నోరులేని బేచారాని మీ నవ్వుల కోసం భయపెట్టారు, ఇలాంటి నీచపు పనులు జిందగీ అంతా చూసి విసిగిపోయాను, ఇక నా పూల్ హాల్లోకి గానీ కేఫ్‌లోకి గానీ సినిమాలోకి గానీ రావద్దు అంటాడు. కనీసం వాడి మొహం కడగాలన్న తమీజ్ కూడా లేదా మీకు అని అడుగుతాడు. అంతే. ఆ మొహం కడగడం అన్న మాట దగ్గర సన్నీ కళ్ళు చూడండి.

ఈ సీను నేను నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి చూశాను. సజా అంటే ఏమిటో, అది ఎలా ఉండాలో దీనికంటే బాగా చెప్పిన సీను నాకు తెలియదు. కొట్టి పంపితే ఆ కుర్రాళ్ళు గంటలో మర్చిపోయేవాళ్ళు. ఉపన్యాసం ఇస్తే వెనక నవ్వుకునేవాళ్ళు. సామ్ వాళ్ళ నుంచి తీసేసుకుంది తన సోహబత్. ఆయనతో కూర్చునే హక్కు. అది పోవడం దెబ్బ ఎలా అయిందంటే, అంతకుముందు ఆయన అది ఇచ్చి ఉన్నాడు గనక. ఇచ్చినవాడే తీసుకోగలడు. పిల్లలతో ఏనాడూ కూర్చోని తండ్రి ‘నీతో మాట్లాడను పో’ అంటే పిల్లవాడికి పోయేదేముంది?

ఇంకొకటి. ఆ సజా శాశ్వతం కాదు. కొన్నాళ్ళకి అదే కేఫ్‌లో, పెద్ద డైలాగులేవీ లేకుండా, సన్నీకి మాఫీ దొరుకుతుంది. తలుపు మూసిన మనిషే తలుపు తీస్తాడు. కేఫ్‌లో పనిచేసే జెనెవీవ్ (ఐలీన్ బ్రెనన్) అంతదాకా ఆ పిల్లవాడి ఆకలి సంగతి చూస్తూనే ఉంటుంది. కఠినంగా ఉన్న బుజుర్గ్ ఒకరు, చాటుగా కంచం పెట్టే ఖాలా ఒకరు. పాత ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఈ ఇంతెజామ్ బాగా తెలుసు.

సామ్ ఫరిష్తా కాదు. తర్వాత చెరువు గట్టు సీనుంది. సన్నీనీ బిల్లీనీ వెంటబెట్టుకుని చేపలు పట్టడానికి వస్తాడు, చేపలంటే ఆయనకి ఇష్టం లేకపోయినా. అక్కడ కూర్చుని పాత సంగతి చెప్తాడు. భార్య మతి పోయి, కొడుకులు చనిపోయిన తర్వాత తన జిందగీలోకి వచ్చిన ఒక జవాన్ ఔరత్ గురించి. ఆమె పరాయివాడి బీవీ. కెమెరా నెమ్మదిగా ఆయన మొహం దాకా వెళ్ళి, మళ్ళీ నెమ్మదిగా వెనక్కి వస్తుంది. మన తరాజులో తూస్తే అది గుణాహే, దాన్ని సరి అని చెప్పడానికి నేను కూర్చోలేదు. కానీ నాకు పట్టుకున్నది వేరే సంగతి. సొంత కొడుకుల్ని మట్టిలో పెట్టిన మనిషి, ఊళ్ళో తండ్రులుండీ తండ్రులు లేని పిల్లల్ని పెంచుతున్నాడు. తన గలతీలు ఏమిటో తెలిసిన మనిషి గనక, పిల్లల గలతీ చూసినప్పుడు ఏది కుర్రతనమో ఏది నీచమో తేడా తెలుసు ఆయనకి. సన్నీ రహస్యాలు ఆయనకి అంతో ఇంతో తెలియకుండా ఉండవు, వాటి గురించి నోరెత్తడు. బిల్లీ సంగతి దగ్గర మాత్రం ఊరుకోలేదు. ప్రతి చిన్నదానికీ గొంతెత్తే పెద్దవాళ్ళ కోపానికి విలువ ఎందుకుండదో ఇక్కడ తెలుస్తుంది.

బెన్ జాన్సన్ గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. గుర్రాలు మేపుకుంటూ, స్టంట్లు చేసుకుంటూ సినిమాల్లోకి వచ్చి జాన్ ఫోర్డ్ ఫిల్ముల్లో కౌబాయ్ వేషాలు వేసిన మనిషి. ఈ వేషం ముందు వద్దన్నాడు. మాటలు ఎక్కువ, పైగా గందీ మాటలున్నాయి, నేను అనను అన్నాడు. జాన్ ఫోర్డ్ చెప్పాక ఒప్పుకున్నాడు. తెర మీద ఉండేది చాలా తక్కువ సేపు. దానికే సహాయనటుడిగా ఆస్కార్ వచ్చింది. రూత్ వేషం వేసిన క్లోరిస్ లీచ్‌మన్‌కి కూడా వచ్చింది.

సన్నీ, డ్వేన్ ఒక వారాంతం మెక్సికో వెళ్ళొస్తామంటారు. సామ్ చేతిలో కొంత డబ్బు పెట్టి, వయసుంటే నేనూ వచ్చేవాడిని అన్నట్టు నవ్వి పంపిస్తాడు. తిరిగొచ్చేసరికి పూల్ హాలు మూసి ఉంటుంది. సామ్ ఇంతెఖాల్ అయిపోయారని రోడ్డు మీద ఎవరో చెప్తారు. చావుని చూపించడు డైరెక్టర్. మూసిన తలుపు చూపిస్తాడు.

తర్వాత వసియత్. పూల్ హాలు సన్నీకి, కేఫ్ జెనెవీవ్‌కి, సినిమా హాలు అక్కడ పాప్‌కార్న్ అమ్మే ముసలామె మిస్ మోసీకి. ఇంకా ఒక వెయ్యి డాలర్లు జో బాబ్ అనే పాదరీ గారి అబ్బాయికి. ఆ పిల్లవాడిని ఊళ్ళో అందరూ ఎగతాళి చేస్తారు. వాడికి ఎందుకిచ్చాడో ఎవరికీ అర్థం కాదు. తర్వాత వాడు ఒక చిన్నపిల్లని కారులో ఎక్కించుకుపోయి పట్టుబడితే, అప్పుడైనా ఎవరికన్నా తెలిసిందో లేదో. ఊరు మొత్తం మజాక్ చేసే పిల్లవాడు లోపల ఎలా చెడిపోతున్నాడో ఒక్కడే చూశాడు, చేతనైంది చేసి పోయాడు. అదీ చాలలేదు.

ఇప్పుడు సినిమా హాలు సంగతికి వస్తాను. చాలామంది చెప్పేది, టీవీ వచ్చింది, హాలు మూతబడింది అని. మిస్ మోసీ కూడా మొదట అదే అంటుంది. వేసవిలో బేస్‌బాల్, ఇళ్ళల్లో టీవీ, జనం రావడం లేదు అని. కానీ అదే నోటితో ఇంకొక మాట అంటుంది. సామ్ ఉండుంటే నడిపేవాళ్ళమేమో, నాకు ఆ హునర్ లేదు అని. రివ్యూలు రాసేవాళ్ళు మొదటి వాక్యం దగ్గర ఆగిపోతారు. ఫిల్మ్ మొత్తం రెండో వాక్యంలో ఉందంటాను. టీవీ నిజమే, కానీ టీవీ కంటే ముందు ఒక మనిషి పోయాడు. మనం కూడా ఇవాళ పిల్లలు ఫోన్ వదలడం లేదని గగ్గోలు పెడుతున్నాం. ఫోన్ వచ్చి మనుషుల్ని తీసుకుపోయిందా, మనుషులు లేచిపోయిన జగాలో ఫోన్ వచ్చి కూర్చుందా?

ఆఖరి ఆట రోజు హాల్లో పదిమంది కూడా ఉండరు. వేసింది హోవర్డ్ హాక్స్ తీసిన ‘రెడ్ రివర్’. జాన్ వేన్ వేల పశువుల్ని తోలుకుంటూ టెక్సాస్ నుంచి బయల్దేరే సీను నడుస్తుంటే, అదే టెక్సాస్‌లో ఇద్దరు కుర్రాళ్ళు ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని చూస్తారు. ఒకడి కన్ను అప్పటికే దెబ్బతినింది, జేసీ కోసం ఇద్దరూ కొట్టుకున్నప్పుడు ఇంకొకడు సీసాతో కొట్టాడు గనక. తెల్లారితే డ్వేన్ బస్సెక్కి కొరియా పోతాడు. పోతూ పోతూ తన కారు సన్నీ దగ్గర అమానత్‌గా వదిలిపోతాడు. మాఫీ అడగడం వాడికి అంతవరకే వచ్చు. నాకైతే అది చాలనిపించింది.

ఇటాలియన్ ఫిల్మ్ ‘సినిమా పారడైసో’ మీలో చాలామంది చూసే ఉంటారు. 1988లోది. అక్కడా మూతబడే హాలుంది, కుర్రాడున్నాడు, ముసలాయనున్నాడు. ఆ ఫిల్మ్ చూసి నేనూ ఏడ్చాను. కానీ ఆ ముసలాయన, వెళ్ళిపో, మళ్ళీ వెనక్కి రాకు అంటాడు. కుర్రాడు వెళ్ళి పెద్దవాడైపోతాడు. సామ్ అలాంటి మాట చెప్పడు. పొమ్మనడు, ఉండమనడు. ఉన్నన్నాళ్ళు తలుపు తీసి ఉంచాడు. అందుకే ఇది చూశాక తీపి యాదులేమీ మిగలవు, భయం మిగులుతుంది.

ఎందుకంటే సామ్ పోయాక జరిగేవన్నీ, ఆయన ఉంటే ఇంతదూరం వచ్చేవి కాదు కదా అనిపించేవే. జేసీ మాటలు నమ్మి సన్నీ రూత్‌ని చెప్పాపెట్టకుండా వదిలేస్తాడు. జేసీతో ఒక్లహోమా పారిపోతాడు, ఆమె అమ్మా నాన్నా దారిలోనే పట్టుకుని ఆ నికాహ్‌ని రద్దు చేయిస్తారు. ఆ రోజే లోయిస్ నోటి నుంచి తెలుస్తుంది, చెరువు గట్టు మీద సామ్ చెప్పిన ఔరత్ ఎవరో. ఆ లయన్ అన్న పేరు పెట్టింది కూడా తనేనట. నా విలువ తెలిసిన మనిషి ఆయనొక్కడే అన్నట్టు చెప్తుంది. కూతురికి ప్రేమలో జాదూ లేదని చెప్పిన తల్లి ఈమే. తను చూసిన జాదూ గురించి మాత్రం కూతురికి ఒక్క ముక్క చెప్పలేదు, పరాయి కుర్రాడికి చెప్పింది. ఇజ్జత్ కోసం దాచింది అనుకుందాం. పిల్లలకి మనం చేదు మాత్రమే వారసత్వంగా ఇస్తాం, ఎందుకనో.

ఇక బిల్లీ. గాలి విపరీతంగా ఉన్న ఒక పొద్దున, వాడు ఎప్పటిలాగే రోడ్డు ఊడుస్తుంటే పశువుల లారీ గుద్దేస్తుంది. చచ్చిపోయిన పిల్లవాడి చుట్టూ ఊరి మగవాళ్ళు నిలబడి, రోడ్డు మధ్యలో వీడికేం పని, చేతిలో ఆ చీపురేమిటి అని లారీవాడిని ఓదారుస్తూ మాట్లాడుకుంటారు. మొదటి రోజు ఫుట్‌బాల్ గురించి సన్నీని పొడిచిన మనుషుల జాతే వీళ్ళు. సన్నీ అప్పుడు గొంతు చించుకుని అరుస్తాడు, వాడు ఊడుస్తున్నాడు అని. ఫిల్మ్ మొత్తంలో వాడు ఊరి పెద్దవాళ్ళ మీద గొంతెత్తేది అప్పుడే. మూసిన సినిమా హాలు ముందుకి బిల్లీని లాక్కొచ్చి, తన స్కూలు జాకెట్ మీద కప్పుతాడు. నేను సామ్‌ని అక్కడ చూశాను. ఒకప్పుడు బిల్లీ మొహం కడగని కుర్రాడు ఇవాళ వాడి మీద కప్పు కప్పాడు. తర్బియత్ వృథా పోలేదు, కానీ ఎంత ఆలస్యంగా, ఎంత ఖర్చుకి.

ఆ తర్వాత రూత్ ఇంటి తలుపు కొడతాడు. ఆమె కాఫీ ఇవ్వబోయి, ఆ పాత్రని గోడకేసి కొట్టి, మూడు నెలల ఏడుపు ఒక్కసారి ఏడ్చి, ఆఖరికి వాడి చెయ్యి పట్టుకుంటుంది. ఇది మొహబ్బత్ అని నేను అనుకోను. ఆ ఊళ్ళో మిగిలిన ఒక్క తెరిచిన తలుపు అది, అంతే.

నావెల్ రాసిన మెక్‌మర్ట్రీ సంగతి కూడా చెప్పాలి. ఆయనది నిజంగా అలాంటి ఊరే, టెక్సాస్‌లోని ఆర్చర్ సిటీ. రెండువేల మంది కూడా ఉండరు. ఫిల్మ్ కూడా అక్కడే తీశారు. మా ఊరి ఇజ్జత్ తీశాడని అక్కడివాళ్ళకి ఆయన మీద కోపం. పేరొచ్చాక ఆయన ఎక్కడైనా ఉండిపోవచ్చు. ఆయన చేసిందేమిటంటే, తిరిగొచ్చి ఆ ఊళ్ళోనే ‘బుక్డ్ అప్’ అని పాత పుస్తకాల దుకాణం పెట్టాడు. ఖాళీగా పడి ఉన్న ఇమారత్‌లు ఒకటి తర్వాత ఒకటి పుస్తకాలతో నింపాడు, లక్షల పుస్తకాలు. తన తర్వాత ఇంత బరువు ఎవరు మోస్తారని కాబోలు, 2012లో దాదాపు 3 లక్షల పుస్తకాలు వేలం వేశాడు. 2021లో పోయాడు. తిట్టిన ఊరికే వచ్చి గదులు తెరిచి కూర్చున్నాడు. నావెల్ కంటే ఆ పని నాకు ఎక్కువ నచ్చుతుంది, నావెల్ అభిమానులు మాఫ్ చేయాలి.

మన కస్బాల్లోనూ ఒకే తెర ఉన్న హాళ్ళు ఎన్నో ఫంక్షన్ హాళ్ళూ గోదాములూ అయ్యాయి. దాని మీద నాకు పెద్ద అఫ్సోస్ లేదు, మన ఇళ్ళల్లో చాలామందిని అసలు ఆ హాళ్ళకి పోనివ్వలేదు కూడా. నాకు అఫ్సోస్ వేరే జగాల గురించి. కడప వైపైనా నిజామాబాద్ వైపైనా మోహల్లాకి ఒక చాయ్ హోటలో, టైలర్ దుకాణమో, సైకిల్ రిపేరు కొట్టో ఉండేది. అక్కడ ఒక చాచా కూర్చునేవాడు. స్కూలు ఎగ్గొట్టి తిరిగే పిల్లవాడిని ఇటు రా బేటా అని పిలిచి, తిట్టి, చాయ్ తాగించి, సాయంత్రం వాడి అబ్బాకి చెప్పకుండా ఇంకొక అవకాశం ఇచ్చేవాడు. ఇప్పుడు అబ్బా గల్ఫ్‌లో, పెద్దకొడుకు హైదరాబాద్‌లో, చిన్నవాడు మేడ మీద గదిలో. చాచా కొట్టు సంపాదన లేక మూసేశాడు, లేదా పరాయి పిల్లవాడిని ఒక మాట అంటే వాలిదైన్ వచ్చి కొట్లాటకి దిగుతారని నోరు మూసుకున్నాడు. ఈ రెండో సంగతి మన చేతుల్లో ఉన్నది. మన పిల్లవాడిని పొరుగు బుజుర్గ్ మందలిస్తే మనం ఆయనకి షుక్రియా చెప్తున్నామా, ఆయన గల్లా పట్టుకుంటున్నామా?

ఫిల్మ్ రెండు గంటలు. మియాబీవీ కలిసి చూడండి. మధ్యలో చిరాకేస్తే ఆపండి, కానీ సామ్ సజా ఇచ్చే సీనూ, చెరువు గట్టు సీనూ, బిల్లీ సీనూ వదలకండి. మా బహనోయీ రెండోసారి పూర్తిగా చూశాడు. ఆ చీపురు పిల్లవాడిని నేను మర్చిపోలేకపోతున్నాను భాయ్‌జాన్ అని అన్నాడు, అంతకుమించి ఏమీ అనలేదు. పెళ్ళీడుకొచ్చిన పిల్లలకి చూపించాలా వద్దా అన్నది మీ ఇంటి ఫైసలా. నేనైతే మా పెద్దవాడికి ఇంకో రెండేళ్ళు ఆగి చెప్తాను. 1990లో ఇదే డైరెక్టర్, ఇవే మొహాలతో ‘టెక్సాస్‌విల్’ అని దీని కొనసాగింపు రంగుల్లో తీశాడు. ఆ కుర్రాళ్ళు పెద్దవాళ్ళయి, వాళ్ళకీ పిల్లలు పుట్టాక కథ. దాని మీద నా రాయ్ అంత బాగాలేదు, అది ఇంకోసారి.